రాజేందర్ కుడిచెయ్యి

రాజేందర్‌కు నోటికంటే ముందు చెయ్యి లేస్తుందని చౌటుప్పల్‌లో అతన్ని ఎరిగినవాళ్లందరికీ తెలుసు. ఎరగనివాళ్లకు ఒకటి రెండు నిమిషాల్లో తెలిసిపోయేది.

హైవే పక్కన సర్వీసు రోడ్డు మీద అతనిది మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, మాడిన రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టి ఇవ్వడం పని. ముప్ఫై తొమ్మిదేళ్ల మనిషి. ఒళ్లంతా సన్నగా ఉంటాడు కానీ కుడి ముంజేయి మాత్రం ఇంకెవరిదో తెచ్చి అతికించినట్టు ఉంటుంది. అది మగ్గం పెట్టిన చెయ్యి. పన్నెండో ఏట నుంచి ఇరవై తొమ్మిదో ఏట దాకా తండ్రి ధర్మయ్య గుంట మగ్గంలో కూర్చుని, కాళ్లతో తొక్కుడు చెక్కలు తొక్కుతూ కుడిచేత్తో తాడు గుంజాడు. గుంజినప్పుడల్లా నాడె దారం మోసుకుని ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తేది. రోజుకు కొన్ని వేల గుంజుళ్లు. తెలంగాణ వచ్చిన ఏడే ధర్మయ్య పోయాడు, మగ్గం విప్పేశారు. ఆ సంగతి చేతికి ఎవరూ చెప్పినట్టు లేదు. అది ఇంకా గుంజడానికో గుద్దడానికో ఏదో ఒకటి వెతుక్కుంటూనే ఉండేది.

ధర్మయ్య దినాల నాడే మొదలైంది. పప్పు చల్లారిపోయిందని వరసకు మామ అయ్యే ఒకాయన పంక్తిలో గొణిగాడు. "చచ్చినోడు పెట్టినప్పుడు గిట్లుండకపోయేది" అని కూడా అన్నాడు. ఆ మాట పూర్తయ్యేసరికి ఆయన ముందు పన్ను ఒకటి లేదు. పంక్తి మొత్తం లేచి విస్తళ్లు ఎత్తి ఎత్తి వెతికారు. చివరికి అది దొరికింది, నాలుగు విస్తళ్ల అవతల పెళ్లికావలసిన ఒక పిల్ల పెరుగన్నంలో. ఆ పిల్ల ఆ తర్వాత ఎన్నాళ్లు పెరుగు ముట్టలేదో తెలియదు కానీ, రాజేందర్ మాత్రం కొత్తగా గుండు చేయించుకున్న తలతో ఒక మూల నిలబడి, తన చేతివంక చూసుకుంటూ, ఇదెప్పుడు జరిగిందా అన్నట్టు ఉండిపోయాడు.

అతని తగాదాలన్నింటి చివరా ఆ చూపే. బస్టాండులో ఆటో అతని ముక్కు చితికినప్పుడూ అదే. ఏటీఎం దగ్గర వరసలో ముందుకు తోసుకొచ్చిన పెద్దమనిషిని ఎత్తి తుమ్మకంపలో వేసినప్పుడూ అదే. ఠాణాలో ఎస్సై బెంచీ మీద కూర్చోబెట్టి, "ఎందుకు కొట్టినవ్ రా?" అని అడిగితే, "కొట్టుడు అయిపోయినంక నాకు తెల్సింది సార్" అన్నాడు. అబద్ధం కాదని ఆ సార్ నమ్మలేదు. నిజానికి అది అబద్ధం కాదు.

భార్య వసంతలక్ష్మికి ఎడమ చెవి సరిగ్గా వినపడదు. అడిగినవాళ్లకు చిన్నప్పుడు జ్వరం వచ్చిందని చెబుతుంది. జ్వరం రాలేదు. పెళ్లైన ఆరో నెల అది. రాజేందర్ ఆ రాత్రంతా గడపలో కూర్చుని తన చెయ్యి గోడకేసి కొట్టుకున్నాడు. దానివల్ల ఆమె చెవికి వచ్చిన లాభమేమీ లేదు. అప్పటి నుంచి ఆమె అతనికి చెయ్యి అందనంత దూరంలోనే కూర్చుంటుంది. అన్నం పెట్టి, కంచాన్ని నేల మీద జరుపుతుంది. తొమ్మిదేళ్లుగా జరిపీ జరిపీ ఆ బండ మీద ఒక నున్నటి దారి పడింది.

ఇన్నేళ్లలో రాజేందర్ చెయ్యి ఎన్నడూ తగలని మనిషి ఒక్కడే, తమ్ముడు సాయి. పద్నాలుగేళ్లు చిన్నవాడు. తండ్రి కొట్టబోతే అడ్డంపడి, సైకిల్ నేర్పి, బడి ఫీజు కట్టి పెంచింది రాజేందరే. వాడు మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసేవాడు. డ్యూటీ లేనప్పుడు షాపులో కూర్చుని వీడియో గేము ఆడేవాడు. ఎర్ర లాగు మల్లుడొకడు, నీలం లాగు మల్లుడొకడు, ఒకరినొకరు చావగొట్టుకునే ఆట. సాయి ఎప్పుడూ నీలం లాగే. వాడి వేళ్లు బటన్ల మీద ఆడుతుంటే గేమింగ్ పార్లర్‌లో కుర్రాళ్లు సొంత ఆట ఆపి చూసేవాళ్లు. హైదరాబాద్‌లో పెద్ద పోటీకి పేరు కూడా ఇచ్చాడు. ఇంకా ఎనిమిది రోజులుందనగా ఆ పని జరిగింది.

ఒక మోటార్ టెస్టింగ్ మీద పెట్టి, "చూస్తుండు రా, వేడైతే బంజెయ్" అని చెప్పి రాజేందర్ చాయకు వెళ్లాడు. సాయి చెవుల్లో హెడ్‌ఫోన్లు, చేతుల్లో కంట్రోలర్. రాజేందర్ తిరిగొచ్చేసరికి షాపు నిండా పొగ. మూడు రోజులు కూర్చుని చుట్టిన తీగ బొగ్గయిపోయింది. మొదటి దెబ్బ మెడ మీద పడింది. సాయి తల తిప్పేలోపు రెండోది చెంప మీద. లేవబోతే ఛాతీ మీద చెయ్యిపెట్టి తోశాడు. పడుతూ పడుతూ సాయి ఆసరా కోసం కుడిచెయ్యి చాచాడు. ఆ చెయ్యి గల్లా ముందరి అద్దంలోంచి దూసుకుపోయింది.

అద్దం పగిలిన చప్పుడు చిన్నదే. వాడు చేతిని వెనక్కి లాక్కున్నప్పుడు జరిగింది పెద్దది. మణికట్టు లోపలివైపు ఒక గాజుపెంకు నిలువునా దిగి ఉంది. దాన్ని తీయగానే రక్తం గోడ మీది క్యాలెండర్ దాకా చిమ్మింది. రాజేందర్ చేతికందిన గుడ్డతో కట్టాడు. అది మోటార్లు తుడిచే గుడ్డ. నల్లటి వార్నిష్, ఎర్రటి రక్తం కలిసి మోచేతుల దాకా కారుతుంటే తమ్ముణ్ని ఎత్తుకుని రోడ్డు మీదికి పరిగెత్తాడు. ఆటోలు ఆగలేదు. ఆ మనిషిని, ఆ రక్తాన్ని చూసి ఎవడాగుతాడు? మళ్లీ కొట్టాడనుకున్నారు. కొట్టాడు కూడా.

దవాఖానలో డాక్టర్ అడిగితే సాయి, "జారి పడ్డ" అన్నాడు. అన్న గురించి వాడు అన్న చివరి మాట అదే. కుట్లు వేయించుకుని వచ్చినవాడు వచ్చినట్టే సంచి సర్దుకుని, రోడ్డుకు అవతలివైపు ఒక గది కిరాయికి తీసుకున్నాడు. అప్పటి నుంచి ఏడాది ఆరు నెలలు ఆ ఇంట్లో మెతుకు ముట్టలేదు. అన్నతో మాట లేదు. ఫ్యాక్టరీలో గేటు దగ్గర కూర్చోబెట్టి, వచ్చేపోయే లారీల నంబర్లు ఎడమచేత్తో రాయించుకుంటున్నారు. కుడిచేతి నాలుగు వేళ్లు కొక్కేల్లా వంగి, చెప్పిన మాట వినడం మానేశాయి.

రాజేందర్ ఒకరోజు ఒంటరిగా మెర్సీ మేడం దగ్గరికి వెళ్లాడు. సాయి చేతికి కసరత్తులు చేయించే ఫిజియో ఆమె. అతను లోపలికి రాగానే ఆమె కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది. అతని పేరు ఆమె దాకా ముందే వచ్చి ఉంది.

"మీ తమ్మునికి కండ మంచిగనే ఉన్నదన్నా" అందామె. "కండకూ వేలుకూ నడుమ తాడు లెక్క ఒకటుంటది. అది తెగింది. కుట్టిన్రు గానీ చుట్టూ అతుక్కపోయింది. కండ గుంజుతనే ఉంటది, వేలు ఇనదు."

"అంటే మగ్గం బాగనే ఉన్నది, పోగు తెగింది."

"గంతే."

ఎలా ఉంటుందో చూపిద్దామని ఆమె అతని ముంజేయికి స్టిక్కర్లు అంటించి మిషన్ పెట్టింది. చెయ్యి బిగిస్తే తెర మీద గీత లేచింది, స్పీకర్లోంచి గరగరమని చప్పుడు వచ్చింది. కండ పనిచేసేటప్పుడు పుట్టే కరెంటు అది అని చెప్పింది. రాజేందర్ నోరు తెరుచుకుని చూశాడు. పదేళ్లుగా లోకాన్ని చావబాదుతున్న చెయ్యి గొంతు అతను మొదటిసారి వినడం. ఇంటికి వస్తూ దారిలో బండి ఆపాడు. కరెంటుందంటే, ఇక వేలు ఎందుకు? కరెంటుతో ఏం చేయాలో తనకు తెలియనిదా?

పక్క షటర్ జానీది, సెల్ ఫోన్లు బాగుచేస్తాడు. సన్నని మనిషి, పెద్ద నోరు. విషయం విని, "అంటే సాయి కండ గుంజితే నీలం లాగోడు గుద్దాలె, అంతేనా? రాజన్నా, దినమంతా మోటార్ల నడుమ ఉండి నీ తలకాయల తీగ కాలిందా?" అన్నాడు. అన్నాడే కానీ మరుసటి ఆదివారం చర్చి నుంచి తిన్నగా వచ్చి, అతనితోపాటు కోఠికి బస్సెక్కాడు. కండ సిగ్నల్ పట్టే చిన్న బోర్డులు నాలుగు, దాన్ని కంప్యూటర్‌కు చెప్పే బోర్డులు రెండు తెచ్చారు. యూట్యూబ్‌లో ఒక హిందీ అతను చెప్పింది ఆపి ఆపి, నలభైసార్లు చూశారు. పని వినడానికి తేలిక. ముంజేయి కింది కండ మీద రెండు స్టిక్కర్లు, మోచేయి ఎముక మీద ఒకటి. కండ బిగిసినప్పుడు పుట్టే చీమంత కరెంటును బోర్డు ఏనుగంత చేస్తుంది. అది ఒక గీత దాటగానే, గుద్దే బటన్ నొక్కారని కంప్యూటర్ నమ్ముతుంది. పైకండ మీద ఇంకో జత, అది తన్నడానికి. ముందుకూ వెనక్కూ నడవడానికి ఏం చేయాలో తోచక, రాజేందర్ అటక మీది తండ్రి మగ్గం తొక్కుడు చెక్కలు దించి, వాటికింద కాలింగ్ బెల్లు స్విచ్చులు బిగించాడు.

పరీక్షకు రాజేందర్ తన చేతికే తీగలు కట్టుకుని ఎర్ర లాగు తీసుకున్నాడు. మొదటి వారం ఆ మల్లుడు ఎవరూ ముట్టకుండానే ఉన్నట్టుండి పూనకం వచ్చినట్టు గుద్దేవాడు. దయ్యమని జానీ చర్చి నుంచి నూనె తెచ్చి కంప్యూటర్‌కు రాశాడు. అసలు సంగతి వీధి చివర పిండి గిర్నీ. అది తిరిగినప్పుడల్లా తీగల్లోకి దాని కరెంటు చేరేది. జొన్నలు పట్టినంతసేపు నీలం లాగువాడికి దెబ్బలే దెబ్బలు. చార్జరు పీకి బ్యాటరీ మీద పెట్టాక దయ్యం వదిలింది. అదంతా మోటార్ల మనిషికి ముందే తట్టాల్సింది. తట్టలేదని అతను ఎవరికీ చెప్పలేదు, జానీ అందరికీ చెప్పాడు.

స్టిక్కర్లు రెండుసార్లు వాడితే జిగురుపోయి ఊడిపోయేవి. సాలోళ్ల ఇంట్లో పుట్టినవాడికి ఊడిపోయేదేదైనా ఒకటే మందు, గంజి. మగ్గం మీది పడుగు దారాలకు పెట్టినట్టే బియ్యం గంజి చిక్కగా కాచి, కరెంటు పారాలని ఉప్పు కలిపి, స్టిక్కర్ కింద మెత్తాడు. బ్రహ్మాండంగా పనిచేసింది. గంటకు ఎండి రేకులా బిగుసుకుంది. లాగితే స్టిక్కరుతోపాటు చేతి మీది వెంట్రుకలన్నీ పోయాయి. రాజేందర్ కేకకు రోడ్డవతలి హోటల్లోంచి జనం పరిగెత్తుకొచ్చి, ఈసారి ఎవణ్ని కొట్టాడా అని వెతికారు.

వాళ్లు వెతికిన తగాదా ఇంకో పది రోజులకు వచ్చింది. చేతికి తీగలు కట్టుకుని, ఆట పరీక్షించుకుంటున్నాడు. విజేందర్ అనే రైతు మోటారును ట్రాలీలోంచి దబ్బున దించాడు. వారం కిందే చుట్టించుకున్నది, మళ్లీ కాలింది.

"జర కూసో అన్నా, ఇప్పి చూస్త" అన్నాడు రాజేందర్ నవ్వుతూ.

"ఏం చూస్తవ్? రాగి అని చెప్పి అల్మీనం తీగ చుట్టినవ్."

వైండింగ్ చేసేవాణ్ని అనకూడని మాట అది. రాజేందర్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత విజేందర్ కింద ఉన్నాడు. పెదవి రెండుగా చీలి, రక్తం తెల్లచొక్కా మీద కారుతోంది. రాజేందర్ అతని ఛాతీ మీద కూర్చుని గుద్దుతున్నాడు. చేతి నుంచి ల్యాప్‌టాప్ దాకా పొడవాటి తీగలు ఊగుతున్నాయి. కిందివాడి చేతికి పద్దెనిమిదో నంబరు పానా దొరికింది. అది రాజేందర్ కణత మీద పడింది. కన్ను మీదికి రక్తం దిగింది, అయినా గుద్దడం ఆగలేదు. జానీ, హోటల్ వాళ్లు నలుగురూ పట్టి లాగితే విడిపడ్డాడు. విజేందర్ ఒక పన్ను అరచేతిలోకి ఉమ్మి, దాన్ని జేబులో వేసుకుని, ట్రాలీ ఎక్కి వెళ్లిపోయాడు. ఆ నిశ్శబ్దంలో ల్యాప్‌టాప్ డప్పులు మోగించింది. తెర మీద ఎర్ర లాగువాడు రెండు చేతులూ ఎత్తి గంతులేస్తున్నాడు.

"మంచిది" అన్నాడు జానీ. "రెండు దిక్కుల గెలిచినవ్."

రాజేందర్ ఎప్పటిలాగే చేతివంక చూసుకుంటున్నాడు. జానీ ల్యాప్‌టాప్ అతనివైపు తిప్పాడు. సిగ్నల్ గీతతోపాటు కెమెరా పట్టిన బొమ్మా మాటా అందులో ఎక్కి ఉన్నాయి.

"గిది చూడు. ఆయన అల్మీనం అన్నది గీడ. నీ గీత గీడనే లేసింది. నువ్వు లేసి ఉర్కింది గీడ. నడుమ గింత జాగ ఉన్నది. గప్పుడు నువ్వు పండ్లు ఇకిలించుకుంట కూసున్నవ్. నీ చెయ్యి కొడుతనే ఉన్నది, నీకే ఎర్క లేదు."

రాజేందర్ ఆ నడుమ జాగాను వేలితో కొలిచాడు. గోరంత ఉంది. ఆ గోరంత జాగా మామ పన్ను ముందు ఉండి ఉంటుంది. వసంతలక్ష్మి చెవి ముందు ఉండి ఉంటుంది. పొగ నిండిన షాపులో, హెడ్‌ఫోన్లు పెట్టుకున్న తమ్ముడి వెనక, ఆ గోరంత ఉండే ఉంటుంది. అందులో ఎవరైనా ఉంటే ఆపగలిగేవాళ్లు. అందులో ఎవరూ లేరు.

ఆ మోటార్‌కు కొత్త రాగితీగ చుట్టి, నాలుగో రోజు విజేందర్ ఇంటికి తీసుకెళ్లి ఇచ్చి, పన్నుకు తప్పయిందని చెప్పాడు. విజేందర్ తలుపు వెనక నుంచే సరే అన్నాడు.

ఆ సాయంత్రం నుంచి రాజేందర్ చేతికి తీగలు కట్టుకుని స్టూలు మీద కూర్చునేవాడు. జానీ ఎదురుగా కూర్చుని తిట్టేవాడు. మొదటి రోజు "అల్మీనం" అనగానే ఎర్ర లాగువాడు గుద్దాడు. తీగ దొంగ అంటే గుద్దాడు, సన్నాసి అంటే గుద్దాడు. గీత లేవగానే వేళ్లు వదులు చెయ్యడం, వేళ్లు వదలగానే గీత పడిపోవడం నేర్చుకోవడానికి రెండు నెలలు పట్టింది. జానీకి వచ్చిన తిట్లు మూడో వారానికే అయిపోయాయి. ఆ తర్వాత ఫోనులో చూసి చదివేవాడు. మోటార్ తెచ్చిన రైతులు ఇద్దరు ముగ్గురు సరదాపడి ఉచితంగా సాయం చేశారు. చివర్లో అందరూ కలిసి అరగంట తిట్టినా, ఎర్ర లాగువాడు చేతులు వేలాడేసుకుని గంగిరెద్దులా నిలబడేవాడు.

ఇక సాయిని పిలవాలి. పిలిస్తే రాడు. వసంతలక్ష్మి వెళ్లింది.

"జానీ ఏదో మిషన్ చేసిండు, నీ చెయ్యికి పెట్టి చూస్తడట" అంది. "మీ అన్న ఉండడు. నల్గొండకు పోతున్నడు."

మొదటిది సగం అబద్ధం, రెండోది పూర్తి అబద్ధం. రాజేందర్ షాపులోనే, కాలిన మోటార్ బాడీల కుప్ప వెనక గొంతుక్కూర్చుని ఉన్నాడు. కాలు తిమ్మిరెక్కింది. ముక్కు మీద సాలెపురుగు నడుస్తోంది. తుమ్ము వస్తే అయిపోయినట్టే.

సాయి వచ్చాడు. అద్దం ఉండిన చోట అట్ట బిగించి ఉంటే దానివంక చూడకుండా కూర్చున్నాడు. జానీ గిన్నె తెరిచి చేతికి గంజి రాస్తుంటే, "గంజి ఎందుకు?" అని మాత్రం అడిగాడు, వాసన చూసి. స్టిక్కర్లు అంటించారు. కాళ్లకింద చెక్కలు చూసి, చెప్పులు విడిచి పాదాలు వాటి మీద పెట్టాడు.

"బిగించు తమ్మీ" అన్నాడు జానీ.

గీత కదల్లేదు.

"జర గట్టిగ. పిడికిలి బిగిస్తున్న అనుకో. ఎవన్నన్న గుద్దుతున్న అనుకో."

సాయి పళ్లు బిగించాడు, మెడ నరాలు లేచాయి. చెయ్యి మాత్రం బల్ల మీద చచ్చిన చేపలా పడి ఉంది. నీలం లాగువాడు దిక్కులు చూస్తున్నాడు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. గుద్దడం అని తలుచుకున్నప్పుడల్లా వాడికి ఆ రోజే గుర్తొస్తోందని, గుర్తురాగానే చెయ్యి భయపడి ముడుచుకుంటోందని అక్కడ ఒక్కడికి తెలుసు. వాడు కుప్ప వెనక ఉన్నాడు.

"వద్దు జానన్నా" అని సాయి స్టిక్కర్ పీకబోయాడు. "గిది చచ్చిన చెయ్యి."

"పిడికిలి గాదు రా!" అని మోటార్ల కుప్ప అరిచింది. "తాడు గుంజు! చెక్క తొక్కు, తాడు గుంజు! బాపు మగ్గం ల కూసున్న అనుకో!"

ఆ కేకకు సాయి అదిరిపడ్డాడు. కానీ అది ఆ కాళ్లు ఏడో ఏట నేర్చుకున్న పని. కుడికాలు చెక్క తొక్కింది. ముంజేయిలో ఏదో చేపలా ఎగిరింది. గీత నిట్టనిలువునా లేచింది. నీలం లాగువాడు ముందుకు నడిచి, ఎదుటివాడి దవడ మీద ఒకటి పెట్టాడు.

సాయి మళ్లీ తొక్కాడు, మళ్లీ గుంజాడు. వేళ్లు కొంచెమైనా కదల్లేదు. ఎర్ర లాగువాడి ముక్కులోంచి రక్తం వచ్చింది.

"బయటికి రా" అన్నాడు సాయి.

ఏడాది ఆరు నెలల తర్వాత అన్నతో మొదటి మాట. రాజేందర్ తిమ్మిరి కాలు ఈడ్చుకుంటూ, ముక్కు మీద మసి, తల మీద సాలెగూడుతో లేచాడు. లేస్తూ ఒక మోటార్ బాడీని తన కాలి మీదే పడేసుకున్నాడు.

"నల్గొండ గింత దగ్గరికొచ్చిందా వదినా?" అన్నాడు సాయి, అన్నవైపు చూడకుండా. వసంతలక్ష్మి షటర్ దగ్గర నిలబడి చీరకొంగు సర్దుకుంది.

"నువ్వు గూడ కట్టుకో" అన్నాడు సాయి. "ఎర్ర లాగు నువ్వు. నేను అనేటియి అంట. నీ మల్లుడు ఒక్కసారి చెయ్యి లేపినా నేను గీ దిక్కు మల్ల రాను. ఇగ జన్మల రాను."

రాజేందర్ తలూపి స్టూలు మీద కూర్చున్నాడు. జానీ అతని చేతికి గంజి రాసి తీగలు కట్టాడు.

సాయి మొదలుపెట్టాడు. తొక్కి గుంజి, తొక్కి గుంజి, ఒక్కో మాటకు ఒక్కో దెబ్బ. "బాపు దినాల నాడు మన ఇజ్జత్ తీసినవ్!" ఎర్ర లాగువాడి తల వెనక్కి వాలింది. "వదిన చెవు పలగ్గొట్టినవ్, జరమొచ్చిందని ఆమెతోని అబద్ధం ఆడిస్తున్నవ్!" కడుపులో ఒకటి. "ఎనిమిది దినాలుండె నా పోటీకి. ఎనిమిదే! నువ్వు మోటార్ పోయిందని చూసినవ్. నేను పోతే నీకు కనవడలే!" ఎర్ర లాగువాడు మోకాళ్ల మీద కూలి, లేచి, మళ్లీ తిన్నాడు. రాజేందర్ గీత లేవబోతుంది, వేళ్లు వదులవుతాయి, గీత పడిపోతుంది. కణత మీద పానా మచ్చ ఎర్రబడింది. చెమట గడ్డం నుంచి కారుతోంది. చెయ్యి మాత్రం ఒడిలో పడుకోబెట్టిన పసిపిల్లలా ఉంది.

సాయికి ఊపిరి అందడం లేదు. దెబ్బ ఆపాడు. గొంతు తగ్గింది.

"బాపు నిన్ను నాడెతోని కొట్టేటప్పుడు" అన్నాడు, "నన్ను మగ్గం గుంటల దాపెట్టేటోనివి. మీద దుప్పటి కప్పి, నువ్వు పైన నిలబడి తినేటోనివి. గా గుంటల నాకు ఎన్నడు భయం కాలే అన్నా. నీ షాపుల భయమైంది."

ఎర్ర లాగువాడు లేచాడు.

ఒక దెబ్బ కాదు. వరసగా పదీ పన్నెండు. నీలం లాగువాడి మొహం మీద, మెడ మీద, పక్కటెముకల మీద. వాడు గోడకు కొట్టుకుని జారిపడ్డాడు, పడ్డవాణ్ని కూడా వదల్లేదు. జానీ లేచి ఇద్దరి మధ్యా అడ్డంగా నిలబడ్డాడు. వసంతలక్ష్మి ఒక్క అడుగులో రోడ్డు మీద ఉంది. డప్పులు మోగాయి. ఎర్ర లాగువాడు గంతులేశాడు.

"లేపినవ్" అన్నాడు సాయి. లేచి నిలబడ్డాడు కూడా. అప్పుడు తెర మీంచి చూపు తిప్పి, జానీ భుజం మీదుగా అన్నవైపు చూశాడు.

రాజేందర్ పిడికిలి తన మోకాలి మీదే ఉంది. మొహం మీద మసీ, చెమటా, చీమిడీ కలిసి కారుతున్నాయి. వెక్కిళ్లు వస్తున్నాయి. ఒక్కో వెక్కిలికి ముంజేయి బిగుసుకుంటోంది, ఒక్కో బిగువుకు తెర మీద ఎర్ర లాగువాడు, ఆట అయిపోయినా సరే, గాలిలో ఒకటి గుద్దుతున్నాడు.

"కొడతలేను రా" అన్నాడు రాజేందర్. "నేను కొడతలేను. ఏడుపొస్తాంది, ఆగుతలేదు."

మిషన్‌కు ఏడుపుకూ కోపానికీ తేడా తెలియదు. అది ఒక గీత దాటిందా లేదా అని మాత్రమే చూస్తుంది. సాయి కాసేపు మిషన్‌ను చూశాడు, కాసేపు మనిషిని చూశాడు. తలుపు ఇటువైపు ఉంది, స్టూలు అటువైపు ఉంది.

స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇంకో ఆట పెట్టు జానన్నా" అన్నాడు. "ఏడిసిన దెబ్బలు లెక్కల పట్టద్దు."

ఆ మధ్యాహ్నం నాలుగు ఆటలు అయ్యాయి. నాలుగింటిలోనూ ఎర్ర లాగువాడు చేతులు వేలాడేసుకుని చచ్చాడు. ఎముకలు విరిగి, దవడ పక్కకు జరిగి, రింగు తాళ్ల మీద పడి, తెర అంతా నెత్తురుగా చచ్చాడు. "గిది అద్దానికి! గిది ఖరాబైన నా కుడిచెయ్యికి! గిది నల్గొండకు పోయినందుకు!" అని సాయి అరుస్తుంటే రోడ్డవతలి హోటల్ వాళ్లు గుంపుగా వచ్చి, రాజేందర్ షాపులో రాజేందర్‌ను కొడుతున్నారని తెలిసి, చాయలు ఇక్కడికే తెప్పించుకుని చూశారు. గంజి ఎండి రేకైపోయింది. రెండు చేతులకూ స్టిక్కర్లు అతుక్కుపోయాయి, ఎవరూ పట్టించుకోలేదు.

నాలుగో ఆట అయ్యాక సాయి వెనక్కి వాలి, "ఆకలైతాంది వదినా" అన్నాడు.

"ఇంటికాడ అన్నమున్నది, పోదాం" అంది వసంతలక్ష్మి. కానీ కదల్లేదు. రోడ్డు మీంచి లోపలికి వచ్చింది. ఒక ఇనుప స్టూలు లాక్కుని రాజేందర్ కుడిపక్కన, మోచేయి తగిలేంత దగ్గర వేసుకుని కూర్చుంది. రవిక చెయ్యి పైకి మడిచింది.

"జరుగు సాయీ" అంది. "జానీ, నాకు గూడ కట్టు."

జానీ గిన్నెవైపు చూశాడు. గంజి అడుగంటింది. రాజేందర్ ఎడమచేత్తో గిన్నె అందుకుని, అడుగున మిగిలినదంతా వేలితో గీకి, భార్య ముంజేయికి జాగ్రత్తగా రాశాడు. తర్వాత తన కుడిచేతిని ఒడిలో వెల్లకిలా పెట్టి, వేళ్లన్నీ వదులుచేసి, తెరవైపు తిరిగాడు.